కుడివైపు పేజీ నాది

మెట్ల కింద గది,
జూన్ మొదటి వారం

వదినా,

వచ్చి పడ్డాను. గది అని పేరే గానీ ఇది మెట్ల కింద ఎవరో మర్చిపోయిన జాగా. మంచం మీద గబుక్కున లేచి కూర్చుంటే తల మెట్టుకి కొట్టుకుంటుంది. పై వాళ్ళు ఎవరు దిగినా నా నెత్తి మీద నుంచే దిగుతారు. కిటికీ ఒకటుంది, అందులోంచి పక్కింటి గోడ బ్రహ్మాండంగా కనిపిస్తుంది.

కళ్ళజోళ్ళ దుకాణంలో నాకు వెనక గదిలో పని. అద్దాల అంచులు చక్రం మీద అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టాలి. కాస్త ఎక్కువ అరిగితే అద్దం ఊడిపోతుంది, తక్కువ అరిగితే పట్టదు. యజమాని నా పని చూసి ‘ఊఁ’ అన్నాడు. ఆయన నోటి నుంచి ‘ఊఁ’ రావడమే గొప్ప అని ముందు గదిలో అమ్మకాలు చూసే పిల్ల చెప్పింది. ఆరు నెలల దాకా సెలవు అడగొద్దని మాత్రం చేరిన రోజే చెప్పేశాడు.

సరే, అసలు సంగతికి వస్తాను. నేను ఇంట్లో లేను కదా అని నువ్వు మన చట్టం మర్చిపోతావేమోనని మళ్ళీ రాస్తున్నాను. చదివిన ప్రతి నవలకీ మన పుస్తకంలో రెండు పేజీలు. ఎడమది నీది, కుడిది నాది. రెండూ నిండితేనే ఆ నవల చదివినట్టు. అట్ట మీద రచయిత పెట్టిన పేరు రాయకూడదు, చదివాక మనకి తోచిన పేరే పెట్టాలి. నువ్వు పేరు పెడితే అందులో ఏదో ఒక వస్తువు ఉంటుంది. ‘చిరిగిన గొడుగు నవల’, ‘పచ్చ ట్రంకుపెట్టె నవల’. నేను పెడితే తిట్టు ఉంటుంది. ‘దద్దమ్మ తమ్ముడి నవల’ అన్నందుకు నువ్వు ఆ రోజంతా నాతో మాట్లాడలేదు, గుర్తుందా? ఆ తమ్ముడు దద్దమ్మే. ఇప్పటికీ అంటాను.

ఇవన్నీ ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. నీకు ఫోను చేస్తే ముందు మిషను చప్పుడు, వెనక అన్నయ్య దగ్గు. మన పుస్తకం సంగతులు అలా మాట్లాడుకునేవి కావు.

నువ్వు చదువుతూ ఉండు, నీ పేజీ రాస్తూ ఉండు. ఆ నవల అసలు పేరు ఉత్తరం వెనక రాసి పంపితే ఇక్కడి గ్రంథాలయంలో వెతుక్కుని చదువుతాను. ఇంటికి వచ్చినప్పుడు నా పేజీలన్నీ ఒక్కసారే నింపుతాను. అంతవరకూ కుడివైపు ఖాళీగా ఉండాలి. అందులో ఎవరైనా గీత గీశారో, నేను మంచిదాన్ని కాను.

నీ కందిరీగ

*

కుట్టుమిషను దగ్గర నుంచి,
జూన్ నెలాఖరు

కందిరీగా,

నువ్వు వెళ్ళాక ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో! ఆ ప్రశాంతతకి నాకు తిండి సహించడం లేదు.

నాలుగు కిటికీల కర్టెన్లు కుట్టి ఇవ్వాలి, గుడ్డ ఇంకా కత్తిరించనే లేదు. నవల మిషను మీద ఆనించి పెట్టుకుని ఒక కన్ను సూది మీద, ఒక కన్ను కథ మీద. నిన్న హీరోయిను ఇల్లు వదిలి వెళ్ళే చోట నా కుట్టు కూడా దారి తప్పి పోయింది. అంతా విప్పుకున్నాను. ఆ నవలకి ‘ఇత్తడి తాళంచెవి నవల’ అని పేరు పెట్టాను. ఆ పిల్ల అన్నీ వదిలేసి తాళంచెవి మాత్రం తీసుకుపోతుంది చూడు, అక్కడ ఏడ్చాను. నా పేజీ రాసేశాను. నీ పేజీ తెల్లగా నా వంక చూస్తోంది.

మీ అన్నయ్య మామూలే. పొద్దున్న లిఫ్టులు బాగు చేయడానికి పోతాడు, సాయంత్రం గ్రీజు వాసనతో వస్తాడు, కంచం ముందు పేపరు పెట్టుకుని కునుకు తీస్తాడు. నిన్నగాక మొన్న, “అది ఎలా ఉందిట?” అన్నాడు. నీ ఉద్యోగం గురించి చెబుతుంటే సగంలో నిద్రపోయాడు.

పై వాటాలోకి ఒక నర్సమ్మ వచ్చింది. ఒక్కతే. మంచి మనిషిలా ఉంది. నా మిషను మీద నవల చూసి, “మీకూ ఉందా ఈ పిచ్చి?” అంది. ‘పచ్చ ట్రంకుపెట్టె’ ఇచ్చాను. రెండో రోజుకే చదివి తెచ్చింది.

తల జాగ్రత్త, మెట్టు ఎక్కడికీ పోదు.

వదిన

*

మెట్ల కింద గది,
జూలై

వదినా,

‘ఇత్తడి తాళంచెవి’ చదివాను. మనలో మాట, ఆ పిల్ల తాళంచెవి తీసుకుపోవడం కాదు, పెళ్ళాం పోయిందన్న చలనమే లేక తాళమైనా మార్పించని ఆ మొగుణ్ణి అనాలి. ఇంటికి వచ్చాక నా పేజీ చూసుకో, వాడి తాట తీస్తాను.

ఇక్కడ అందరూ కళ్ళజోళ్ళు పెట్టుకునే వాళ్ళే గానీ చదివేవాళ్ళు లేరు. అక్షరాల బోర్డు చదివించి పంపిస్తే చాలు, జన్మకి సరిపడా చదివేశామనుకుంటారు. మధ్యాహ్నం టిఫిను డబ్బా తెరిచి నవల పట్టుకుంటే అమ్మకాల పిల్ల, “పరీక్షా అక్కా?” అని అడిగింది.

అవునూ, ట్రంకుపెట్టె నవల ఆవిడకెందుకిచ్చావు? అది మనం చదివేసిన నవల. రెండో రోజుకే చదివేసిందిట! నవల్ని అలా మింగేసేవాళ్ళకి రుచి తెలియదు. ఇంజెక్షను ఇచ్చినట్టు చదివి ఉంటుంది, గుచ్చి తీసేయడమే. ఆవిడ ఏమంది? ఏమన్నా నాకు అక్కర్లేదు గానీ, ఏమంది?

పుస్తకం ఆవిడకి చూపించలేదు కదా? నవల సంగతి కాదు, మన పుస్తకం. చూపించలేదని ఒక్క ముక్క రాయి.

నీ కందిరీగ

*

వంటింటి బల్ల,
జూలై నెలాఖరు

అమ్మడూ,

ఆలస్యమైంది, ఏమనుకోకు. పనులు మీద పడ్డాయి. తీరిగ్గా రాయడానికి లేదు.

రెండు నవలలు అయ్యాయి. ఒకటి నీకు నచ్చదు, వదిలేయి. రెండోది తప్పకుండా చదువు. దానికి ‘తలుపు దగ్గర నిలబడ్డవాడి నవల’ అని పేరు. అందులో తండ్రి ఉన్నాడు చూడు, ఇంట్లో అందరూ నవ్వుకుంటుంటే వింటూ తలుపు దగ్గర నిలబడతాడు. అతను అడుగు పెట్టగానే అందరూ మాటలు ఆపేస్తారు. అందరూ అతన్ని బండరాయి అంటారు గానీ, పాపం, లోపలికి రమ్మని ఒక్కళ్ళన్నా అన్నారా? ఎవరైనా అని ఉంటే కథ అంతదూరం వచ్చేది కాదు. ఇంకోటి, అతను ఇంటి గోడలో పగులు పూడ్చే చోట సిమెంటు ఆరకముందే రంగు వేయించాడు రచయిత. అలా వేస్తే నిలవదు.

ఇంతే. నర్సమ్మ పిలుస్తోంది. ఉంటాను.

వదిన

*

మెట్ల కింద గది,
ఆగస్టు

వదినా,

ఈ ఉత్తరం నువ్వు రాసింది కాదు. అక్షరాలు నీవే, మాటలు నీవి కావు.

ఇన్నేళ్ళుగా నీ పక్కన కూర్చుని చదివాను. నవలలో మొగాడు మూతి ముడుచుకుంటే నీకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. “మాట్లాడ్డానికి వీడికేం రోగం?” అని పుస్తకం విసిరి కొట్టిన మనిషివి నువ్వు. ఆ మనిషికి ఉన్నట్టుండి తలుపు దగ్గర నిలబడ్డ తండ్రి మీద జాలి పుట్టుకొచ్చిందా? పైగా సిమెంటుట! మన వంటింటి పలక ఊడితే జిగురు పెట్టి అతికించిన దానివి, నీకు సిమెంటు ఎప్పుడు ఆరుతుందో ఏం తెలుసు?

ఆ పేరు కూడా నీది కాదు. నువ్వు పెడితే అందులో వస్తువు ఉండేది. ‘పగిలిన గోడ నవల’ అనేదానివి. ‘నిలబడ్డవాడి నవల’ అన్నది ఎవరు? నాకు తెలుసులే.

పుస్తకాల బాబాయ్‌కి ఫోను చేశాను. కావాలనే చేశాను, దాపరికం ఎందుకు? అద్దె పుస్తకాల కోసం నువ్వు రోజూ వస్తున్నావట. ఒక్కోసారి రెండేసి తీసుకెళ్తున్నావట. “మీ ఇంటికి ఆ నర్సమ్మ పొద్దునా సాయంత్రం వస్తూనే ఉందమ్మా, నేను అటు వెళ్తూ చూస్తుంటాను” అన్నాడు. ఆ మాట వినగానే చేతిలో అద్దం చక్రం మీద ఎక్కువ అరిగిపోయింది. ‘ఊఁ’ అనే యజమాని ‘ఊహూఁ’ అన్నాడు.

రోజూ రెండుసార్లు! నేను ఆ ఇంట్లో పుట్టాను, నేను కూడా నీ దగ్గర అంతసేపు కూర్చున్నానా? మిషను పక్కన స్టూలు మీదేనా కూర్చునేది? అది నా స్టూలు. నాకు ఒళ్ళు మండిపోతోంది వదినా. చెప్పుకుంటే సిగ్గుచేటు, కానీ మండిపోతోంది.

కుడి పేజీలో ఆవిడ చేత రాయిస్తున్నావా? అవునో కాదో చెప్పు. ఇంకేమీ రాయక్కర్లేదు.

కందిరీగ

*

వంటింటి బల్ల,
ఆగస్టు

కందిరీగా,

పుస్తకాల బాబాయ్‌ని నా మీద కాపలా పెట్టావన్నమాట. చాలా సంతోషం.

నర్సమ్మ వస్తున్న మాట నిజం. ఎందుకొస్తోందో ఇప్పుడు చెప్పను. చెప్పకూడదని మాట ఇచ్చాను. నా ఇంటికి ఎవరొచ్చినా నీకు లెక్క అప్పజెప్పాలా? ఒక్క మాటకి జవాబు రాస్తే నీ అనుమానం తీరుతుందేమో, కానీ ఆ గొంతుతో అడిగితే నాకు చెప్పబుద్ధి కావడం లేదు. నా మీద ఆ మాత్రం నమ్మకం లేని దానివి నాతో పుస్తకం ఎందుకు రాశావు?

నీకు ముక్కు మీద కోపం అని తెలుసు. అది చల్లారాక రాయి.

వదిన

*

కళ్ళజోళ్ళ దుకాణం, వెనక గది,
ఆగస్టు నెలాఖరు

గౌరవనీయులైన వదినగారికి,

మీరు క్షేమమని తలుస్తాను. నేనూ క్షేమం.

ఇకపై మీ ఇంటికి ఎవరొస్తున్నారో నేను అడగను. అడగాల్సిన అవసరమూ లేదు. నాకు ఇక్కడ చాలా మంచి తోడు దొరికింది. దగ్గరి చూపు అద్దాల కోసం ఒకావిడ వచ్చింది, సంచీలో నవల ఉంది. మాటలు కలిశాయి. ఇప్పుడు రోజూ దుకాణం మూసే వేళకి వస్తుంది, ఇద్దరం బెంచీ మీద కూర్చుని చదువుకుంటాం. చాలా చదువుకున్న మనిషి. ఏ నవల ఇచ్చినా ఇట్టే పసిగట్టేస్తుంది. ఆవిడకి నేను ‘జోడావిడ’ అని పేరు పెట్టుకున్నాను.

మేము కూడా ఒక పుస్తకం మొదలుపెట్టాం. నల్ల అట్ట, గీతల కాగితం. మీ పుస్తకంలా అట్ట ఊడిపోయినది కాదు. ఆవిడ మొదటి నవలకి ‘బుర్ర లేని బావ నవల’ అని పేరు పెట్టింది. ఎంత బాగుందో చూశారా! కథలో బావ ఉత్తరం అందలేదని పదేళ్ళు అలిగాడు, ఒక్కసారి వెళ్ళి అడిగి చావొచ్చు కదా అంది. నేను ఇంతసేపు నవ్వాను.

మన పుస్తకం నాకు పోస్టులో పంపించండి. నా పేజీలు నేను తెచ్చుకుంటాను. మీకు ఎడమ పేజీలు కావాలంటే చింపి ఇస్తాను.

ఇట్లు,
మీ ఆడపడుచు

*

కుట్టుమిషను దగ్గర నుంచి,
సెప్టెంబరు

చి.ల.సౌ. ఆడపడుచు గారికి,

తమరి ఉత్తరం అందింది. ‘మీరు’ అని చదివి, ఎవరికో రాయబోయి నాకు రాశారనుకున్నాను. కవరు తిప్పి చూశాను. చిరునామా నాదే.

జోడావిడ దొరికినందుకు సంతోషం. చదువుకున్నావిడ. నాలాగా ఒక కన్ను సూది మీద పెట్టుకుని చదివే మనిషి కాదన్నమాట. కొత్త పుస్తకం, నల్ల అట్ట. అలాగే. మన పుస్తకం అట్ట ఊడిపోయిన మాట నిజమే. నువ్వు వర్షంలో సంచీలో పెట్టుకుని పరిగెత్తుకొచ్చిన రోజు ఊడింది. ఆ రాత్రే నేను గుడ్డ పెట్టి కుట్టాను.

నేను కుళ్ళుకోను అనుకున్నావా? నాకేం, పెద్దదాన్ని, ఇద్దరి బట్టలూ ఉతికే దాన్ని, కుళ్ళుకునే తీరిక ఎక్కడిది అనుకున్నావా? నీ ఉత్తరం చదివిన దగ్గర నుంచి మిషను తొక్కుతున్నాను, దారం తెగుతోంది, మళ్ళీ ఎక్కిస్తున్నాను, మళ్ళీ తెగుతోంది. ఆ బెంచీ ఎలా ఉంటుందో నాకు తెలియదు. దాని మీద మీరిద్దరూ కూర్చున్నట్టు మాత్రం బాగా కనిపిస్తోంది.

పుస్తకం పంపను. అది ఎవరిదో తేలలేదు ఇంకా.

వదిన

*

కళ్ళజోళ్ళ దుకాణం, వెనక గది,
సెప్టెంబరు

వదినగారికి,

పంపకపోతే పోనీయండి. ఇక్కడ మాకు నవలల మీద నవలలు అవుతున్నాయి. జోడావిడ పెట్టిన పేర్లు రాస్తున్నాను, చూసి మీ నర్సమ్మకి వినిపించండి. ‘నంగనాచి పెద్దమ్మ నవల’. ‘చవట డాక్టరు నవల’. ‘నోరు లేని మొద్దు కోడలి నవల’. ఈ కోడలి దగ్గర ఆవిడ ఏమందో తెలుసా? “ఏడిచే వాళ్ళని చూస్తే నాకు ఏడుపు రాదు, ఏడిపించిన వాళ్ళ ఇంటికెళ్ళి తలుపు బాదాలనిపిస్తుంది” అంది. ఎంత చక్కటి మాట! ఇలాంటి మాట మీ ఇంటికి రోజూ వచ్చేవాళ్ళు ఎవరైనా అన్నారా?

మేం చాలా సంతోషంగా ఉన్నాం.

వానలు పడుతున్నాయి. మెట్ల కింద నీళ్ళు చేరాయి. మంచం ఇటుకల మీద ఎత్తుకున్నాను, ఇప్పుడు పడుకున్నా తల మెట్టుకి తగులుతోంది. ఇది మీకు చెప్పాలని కాదు, ఊరికే.

మీ ఆడపడుచు

*

కుట్టుమిషను దగ్గర నుంచి,
అక్టోబరు

ఒసేయ్ కందిరీగా,

కూర్చుని చదువు. తల జాగ్రత్త.

నీ ఉత్తరం అందాక మూడు రోజులు నేను మనిషిని కాను. మీ అన్నయ్య మీద అరిచాను, పాలు పొంగిపోయాయి, ఒకళ్ళ కర్టెన్లు తలకిందులుగా కుట్టాను. ఆ జోడావిడ కంటే నువ్వు ఎన్ని రెట్లు బాగా రాశావో నాకు నేనే రుజువు చేసుకుందామని మన పుస్తకం తీసి నీ కుడి పేజీలు మొదటి నుంచి చదివాను.

చదువుతుంటే ఒక చోట ఆగిపోయాను. ‘చిరిగిన గొడుగు నవల’కి నువ్వు రాసిన పేజీ. “ఏడిచే వాళ్ళని చూస్తే నాకు ఏడుపు రాదు వదినా, ఏడిపించిన వాళ్ళ ఇంటికెళ్ళి తలుపు బాదాలనిపిస్తుంది.” నీ గీతల రాత, నీ సిరా మరక. ఇంకాస్త ముందుకెళ్ళాను. అక్కడ ‘చవట’, ఇక్కడ ‘నంగనాచి’. నీ జోడావిడ పెట్టిన పేర్లన్నీ తిట్లే. పిచ్చిదానా, లోకంలో నవలలకి తిట్లతో పేర్లు పెట్టే మనిషి ఒక్కతే ఉంది, దాన్ని నేను ఎరుగుదును.

జోడావిడ లేదు. నల్ల అట్ట పుస్తకం లేదు. బెంచీ మీద నువ్వొక్కదానివే కూర్చుంటున్నావు. మొదట నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను, చప్పట్లు కొట్టాను. తర్వాత ఏడుపొచ్చింది. అంత దూరంలో నీతో నవల గురించి మాట్లాడే దిక్కు లేక, నీ మాటలు నువ్వే ఇంకొకరి నోట పెట్టుకున్నావు. దానికి నేను కుళ్ళుకున్నాను!

ఇప్పుడు నా సంగతి. నువ్వూ కనిపెట్టావు, సగం దాకా. ఆ మాటలు నావి కావు, నిజమే. నర్సమ్మవీ కావు. మీ అన్నయ్యవి.

జూలైలో లిఫ్టు పైన మోటారు గదిలో నిచ్చెన జారి పడ్డాడు. మడమ పైన ఎముక విరిగింది. కట్టు కట్టారు, మంచం దిగొద్దన్నారు. “దానికి చెప్పావో, ఉద్యోగం వదిలేసి పరిగెత్తుకొస్తుంది, చెప్పకు” అని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నువ్వు ఫోను చేసినప్పుడు మంచం మీద నుంచే ‘ఊఁ, తిన్నావా’ అన్నాడు. నర్సమ్మ పొద్దునా సాయంత్రం వచ్చేది ఆ కాలు చూడడానికి. ఆవిడ నీ స్టూలు మీద కూర్చోనే లేదు. పాపం, నిలబడే చూసి వెళ్ళేది. ఇప్పుడు కట్టు విప్పారు, చేతికర్ర పట్టుకుని వంటింటి దాకా వస్తున్నాడు. ప్రాణానికేం భయం లేదు, గుండెలు బాదుకోకు.

మంచం మీద పడి గోడలు చూసి చూసి ఒకరోజు, “ఆ నవల ఒకటి ఇటు ఇవ్వు, నిద్ర పడుతుందేమో చూస్తాను” అన్నాడు. నిద్ర పట్టలేదు. మర్నాడు ఇంకోటి అడిగాడు. పుస్తకాల బాబాయ్ దగ్గరికి నేను రోజూ పరిగెత్తింది ఆయన కోసమే. “నేనూ ఏదైనా రాస్తా” అన్నాడు ఓ రోజు, మన పుస్తకం వంక చూస్తూ. మళ్ళీ ఆయనే, “వద్దులే, అది మీ ఇద్దరిది” అని నా బట్టల కొలతలు రాసుకునే చీటీల వెనక రాసుకోవడం మొదలుపెట్టాడు. చదివి చెబుతుంటే ముచ్చటేసి ఒకటి నీకు రాశాను. “చెల్లికి నా పేరు చెప్పకు, నవ్వుతుంది” అన్నాడు. ఎందుకు నవ్వుతుంది అని అడిగాను. “ఎప్పుడో అందులో ఏముంటుందే అని అడిగితే, నీకర్థం కాదులే అన్నయ్యా అని పుస్తకం మూసేసింది” అన్నాడు. మూసింది నువ్వొక్కదానివే కాదు. నేనూ నీ పక్కనే ఉన్నాను, నేనూ నవ్వాను.

పుస్తకం పంపుతున్నాను. అట్ట మళ్ళీ కుట్టాను. నువ్వు ఆగస్టులో అడిగినదానికి ఇదే జవాబు. కుడి పేజీలు తిప్పి చూసుకో.

నీ వదిన

*

(పార్సెలులో, కొలతల చీటీ వెనక)

చెల్లీ,

కాలు బాగుంది. మీ వదిన నీ మీద, నువ్వు మీ వదిన మీద కుళ్ళుకుంటున్నారు. మధ్యలో నా మీద ఎవరూ కుళ్ళుకోవడం లేదు. అదొక్కటే బాధ.

ఇంకా ఏమైనా నవలలుంటే చెప్పు. లిఫ్టులు ఉన్నవి వద్దు. ఆ రచయితలకి లిఫ్టు గురించి ఏమీ తెలియదు, చదువుతుంటే బీపీ పెరుగుతోంది.

అన్నయ్య

*

మెట్ల కింద గది,
అక్టోబరు నెలాఖరు

వదినా,

పార్సెలు దుకాణానికి వచ్చింది. చుట్టిన కర్టెను గుడ్డ చూడగానే నీదని తెలిసింది. వెనక గదిలో చక్రం ఆపేసి విప్పాను. నీ ఉత్తరం ముందు చదవలేదు. ముందు కుడి పేజీలు తిప్పాను. నా బుద్ధి అంతే.

ఖాళీ. ఒక్కొక్కటీ తిప్పాను, అన్నీ ఖాళీ. నువ్వు ఎడమవైపు గట్టిగా నొక్కి రాసిన చోట వెనక నుంచి అక్షరాలు ఉబ్బి ఉన్నాయి, అంతే. ‘తలుపు దగ్గర నిలబడ్డవాడి నవల’కి కూడా నా పేజీ తెల్లగా ఉంది. అక్కడ ఏడ్చాను. ఏడిచే వాళ్ళని చూస్తే నాకు ఏడుపు రాదన్నాను గానీ, నేనే ఏడిస్తే వస్తుందని అప్పుడు తెలియదు. అమ్మకాల పిల్ల వచ్చి, “పరీక్ష పోయిందా అక్కా?” అంది.

తర్వాత నీ ఉత్తరం చదివాను. అన్నయ్య కాలు విరిగితే నాకు చెప్పకుండా నర్సమ్మకి చెబుతారా? ఇది మాత్రం మర్చిపోను, వచ్చాక ఇద్దరికీ ఉంటుంది. పాపం, ఆ నర్సమ్మని మనసులో ఎన్ని తిట్లు తిట్టానో! వాటితో ఓ పది నవలలకి పేర్లు పెట్టొచ్చు. నా స్టూలు మీద ఒకసారి కూర్చోమను. ఒక్కసారే.

జోడావిడ సంగతి నువ్వు పట్టేశావు కాబట్టి చెబుతున్నాను. సంచీలో నవలతో ఒకావిడ నిజంగానే వచ్చింది. “ఏం చదువుతున్నారు?” అని అడుగుదామని ముందు గదిలోకి వచ్చేసరికి అద్దాలు తీసుకుని వెళ్ళిపోయింది. మిగతాదంతా నేను అల్లింది. అల్లుతుంటే బాగుండేది కూడా. ఆవిడ మాట్లాడుతుంటే అచ్చం నువ్వు పక్కన కూర్చున్నట్టుండేది. తిట్లు మాత్రం నావి.

అన్నయ్య చీటీలు పార్సెలులో పెట్టి నువ్వు మంచి పని చేయలేదు. చదవను అనుకున్నాను. అన్నీ చదివేశాను. ఎక్కడ నేర్చుకున్నాడు వదినా వాడు? ‘ఇత్తడి తాళంచెవి’కి ఏం రాశాడో చూశావా? “ఆ అమ్మాయి తాళంచెవి తీసుకుపోయింది సరే. మొగుడు రోజూ తలుపు గడియ పెట్టకుండా దగ్గరగా వేసి పడుకుంటున్నాడు, ఆ సంగతి కథలో ఒక్క లైనే ఉంది, ఎవరూ చూడలేదు.” నేను చూడలేదు. నువ్వూ చూడలేదు. నేను వాడి తాట తీస్తానన్నాను. అన్నయ్య మీద నాకు ఎంత అసూయగా ఉందో చెప్పలేను. కావాలంటే వాడికి చదివి వినిపించు, వాడి బాధ తీరుతుంది.

యజమానిని సెలవు అడిగాను. ఆరు నెలలు కాలేదుగా అన్నాడు. మా అన్నయ్య కాలు విరిగిందని చెప్పాను. “ఊఁ” అన్నాడు. ఆదివారం పొద్దున్న బండికి వస్తున్నాను. పుస్తకం నాతోనే తెస్తాను, పోస్టులో మళ్ళీ పంపడం నాకు ఇష్టం లేదు.

చట్టం మారదు. ఎడమ పేజీ నీది, కుడి పేజీ నాది, అందులో ఎవరినీ రాయనివ్వను, వాడినైనా సరే. కానీ దుకాణంలో కళ్ళజోడు సంచులు కుట్టే సన్న సూది ఉంటే తీసుకున్నాను. అన్నయ్య చీటీలన్నీ ఏ నవలవి ఆ నవల దగ్గర, రెండు పేజీలకీ మధ్యలో కుట్టేశాను. నీ కుట్టంత తిన్నగా రాలేదు. నవ్వకు.

నేను వచ్చేసరికి మిషను పక్కన స్టూలు ఖాళీగా ఉంచు. ఎదురుగా వాడికి కుర్చీ వేయి, కాలు చాపుకోవడానికి ఇంకోటి. ‘తలుపు దగ్గర నిలబడ్డవాడి నవల’కి నా పేజీ నేను వాడి ఎదురుగానే రాస్తాను. వాడు మళ్ళీ గుమ్మం దగ్గరే చేతికర్ర పట్టుకుని నిలబడతాడేమో, నువ్వు ముందే చెప్పు, లోపలికి రమ్మన్నానని.

నీ పక్క చోటు మాత్రం ఇవ్వను.

నీ కందిరీగ